టెంటు వేసిన చోట టాయిలెట్ ఎలా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చలికాలం సెలవులు దగ్గరపడ్డాయి. అరకు, లంబసింగి, వంజంగి వైపు టెంట్లు కట్టుకుని బయల్దేరే కుటుంబాల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. వెంట తీసుకెళ్లే టాయిలెట్ ఏది కొనాలి, ఎలా వాడాలి, నిండాక ఏం చేయాలి అని. పాఠకులు మొహమాటం లేకుండా అడిగారు. మేమూ అలాగే రాస్తున్నాం.

ప్రశ్న: మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు కారులో అరకు వెళ్లి రెండు రాత్రులు టెంట్లలో ఉండాలనుకుంటున్నాం. మడత స్టూలు లాంటివి, బకెట్ లాంటివి, ఫ్లష్ ఉన్నవి కనిపిస్తున్నాయి. ఏది కొనమంటారు?
– పాఠకురాలు, విజయవాడ

జవాబు: సీటు చూసి కొనకండి. నిండిన తర్వాత ఎక్కడ ఖాళీ చేస్తారో ముందు తేల్చుకోండి. ఆ చోటు దొరికితే ఏ రకం కొనాలో దానంతటదే తేలుతుంది. దొరక్కపోతే ఎంత ఖరీదైనది కొన్నా రెండో రోజుకి డిక్కీలో ఇరవై కిలోల మురుగుతో ఎటు వెళ్లాలో తెలియక ఇబ్బంది పడతారు.

మడత స్టూలు రకంలో నాలుగు కాళ్ల మీద సీటు, దాని కింద కవరు ఉంటాయి. తేలిగ్గా ఉంటుంది, కారులో చోటు తినదు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఊగుతుంది. కవరు బరువెక్కి కిందికి సాగి రాయికో పుల్లకో తగిలితే చిల్లు పడుతుంది. నీళ్లతో కడుక్కోవడం దీని మీద కుదరదు. అత్యవసరానికి కారులో ఉంచుకోవడానికి మంచిదే గానీ, ఐదుగురికి రెండు రోజులు సరిపోయే సరుకు కాదు.

బకెట్ రకం అంటే 20 లీటర్ల గట్టి బకెట్, దాని అంచుకి బిగించే సీటు, మూత. లోపల రెండు కవర్లు ఒకదానిలో ఒకటి వేసి, వాడిన ప్రతిసారీ రంపపు పొట్టో కొబ్బరి పొట్టో చల్లుతారు. చవక, దృఢం, చెడిపోవడానికి ఇందులో భాగాలేమీ లేవు. మూత్రం కూడా అందులోనే పడితే మాత్రం రెండు పూటలకే ముద్దయి వాసన మొదలవుతుంది.

ఫ్లష్ రకంలో రెండు ట్యాంకులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. పైదాంట్లో మంచినీళ్లు, కిందిదాంట్లో మురుగు. మధ్యలో ఒక జారుడు పలక ఉంటుంది. అది మూసి ఉన్నంతసేపు వాసన పైకి రాదు. ఉదాహరణకి థెట్‌ఫర్డ్ కంపెనీ పోర్టా పొట్టి 365లో పైన 15 లీటర్లు, కింద 21 లీటర్లు పడతాయి. ఎత్తు సుమారు 41 సెం.మీ., అంటే ఇంట్లో వెస్టర్న్ కమోడ్ అంత. అదే కంపెనీ 335లో రెండు ట్యాంకులూ 10 లీటర్లే, ఎత్తు సుమారు 31 సెం.మీ. అంత కిందికి కూర్చుంటే మీ అత్తగారు లేవలేరు.

ఇక లెక్క చూడండి. పెద్దవాళ్లకి రోజుకి మూత్రం లీటరున్నర దాకా, మలం 150 నుంచి 250 గ్రాములు. రోజుకి ఆరుసార్లు వెళ్లి ప్రతిసారీ 300 మి.లీ. ఫ్లష్ చేస్తే దాదాపు 1.8 లీటర్లు. కడుక్కున్న నీళ్లు అర లీటరు. మొత్తం మనిషికి రోజుకి నాలుగు లీటర్లు. ట్యాంకులో మొదట పోసే, వాసన ఆపే మందు కలిపిన నీళ్లు రెండు లీటర్లు తీసేసి, మోసేటప్పుడు తొణక్కుండా కాస్త ఖాళీ ఉంచితే 21 లీటర్ల ట్యాంకులో మీకు మిగిలేది 17 లేదా 18 లీటర్లు. మీ ఐదుగురికి అది ఒక్క రోజుకే నిండిపోతుంది. ఫ్లష్ టాయిలెట్ కొన్నవాళ్లు నిరాశ పడేది ఎక్కువగా ఇక్కడే. ట్యాంకు నింపేది మలం కాదు, మూత్రమూ నీళ్లూ.

అరకు చుట్టుపక్కల టెంట్లు అద్దెకిచ్చే చోట్ల సాధారణంగా ఉమ్మడి టాయిలెట్ ఉంటుంది. బుక్ చేసేముందు ఫోన్ చేసి రెండు సంగతులు అడగండి. టాయిలెట్ మీ టెంటుకి ఎంత దూరం? మా ట్యాంకు అందులో ఖాళీ చేసుకోనిస్తారా? సరేనంటే 20 లీటర్ల ఫ్లష్ రకం కొని, అత్తగారికి పగలూ రాత్రీ, మిగతావాళ్లకి రాత్రిపూట మాత్రం వాడండి. అప్పుడు రోజుకి ఏడెనిమిది లీటర్లు దాటదు, రెండు రాత్రులు హాయిగా గడుస్తాయి. కుదరదంటే బకెట్ రకమే మేలు. మూత్రానికి మాత్రం వేరే ఏర్పాటు ఉండాలి.

ప్రశ్న: మాకు పేపరు అలవాటు లేదు. నీళ్లు లేకుండా మావల్ల కాదు. ఇలాంటి టాయిలెట్ల మీద కడుక్కోవడం ఎలా?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: చాలామంది అడగాలనుకుని ఆగిపోయే ప్రశ్న ఇది. ఈ సామాన్లు పేపరు వాడే దేశాల్లో తయారైనవి. వాటి వెంట వచ్చే కాగితాల్లో దీని గురించి ఒక్క ముక్క ఉండదు. మన అలవాటు మార్చుకోనక్కర్లేదు. నీళ్లు ఎన్ని, ఎక్కడ పడతాయి అన్నవి మాత్రం ముందే చూసుకోవాలి.

చెంబుతో పోసుకుంటే ఒక్కసారికి లీటరు నీళ్లవుతాయి. వంపు మూతి ఉన్న 500 మి.లీ. పిండే సీసా అయితే 200 మి.లీ. చాలు. ట్రావెల్ బిడే పేరుతో ఇవి దొరుకుతాయి. లేదంటే మెత్తటి ప్లాస్టిక్ నీళ్ల సీసా మూతకి సన్నని మేకు వేడిచేసి నాలుగైదు బెజ్జాలు పెట్టండి. నొక్కితే ధార వస్తుంది. ఒక్కొక్కరికీ ఒక సీసా, మూత మీద పేరు.

ఫ్లష్ రకంలో ఈ నీళ్లు నేరుగా బేసిన్‌లోనే పడనివ్వండి, తప్పులేదు. ఒక చిన్న మార్పు చేస్తే నీళ్లు ఆదా అవుతాయి. విసర్జన కాగానే ఫ్లష్ కొట్టకండి. ముందు కడుక్కోండి, ఆ నీళ్లే బేసిన్‌ని సగం శుభ్రం చేస్తాయి. తర్వాత పలక తెరిచి, మిగిలిందానికి పంపు ఒకటి రెండుసార్లు నొక్కండి.

బకెట్ రకంలో మాత్రం కడుగునీళ్లు లోపల పడకూడదు. పొట్టు పొడిగా ఉన్నంతసేపే వాసన ఆగుతుంది. నీళ్లు చేరితే గాలి ఆడదు. గాలి లేని చోట కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పనిలోకి దిగి కుళ్లిన గుడ్డు వాసన పుట్టిస్తాయి. తమిళనాడులో కట్టిన ఎకోసాన్ అనే పొడి మరుగుదొడ్లలో మలానికీ మూత్రానికీ కడుగునీళ్లకీ వేర్వేరు దారులు పెట్టింది ఇందుకే. నీళ్లతో కడుక్కునేవాళ్లకి పొడి మరుగుదొడ్డి ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఆ ఏర్పాటు చూడాలి. టెంటులో దాన్నే ఇలా చేసుకోవచ్చు. బకెట్ పక్కన మూత ఉన్న వెడల్పాటి టబ్బు ఒకటి పెట్టండి. పని కాగానే పొట్టు చల్లి మూత పెట్టి, టబ్బు మీద కూర్చుని కడుక్కోండి. ముందు ఒక కాగితంతో తుడుచుకుంటే టబ్బులోకి మలం దాదాపు రాదు. ఆ కాగితం బకెట్‌లో వేయవచ్చు. తడి వైప్స్ మాత్రం విడిగా చెత్త కవరులోకే. అవి నీళ్లలో కరగవు, ఇంటికొచ్చి టాయిలెట్‌లో పోస్తే పైపు మూసుకుపోతుంది.

చేతులు కడుక్కోవడానికి కుళాయి ఉన్న 10 లీటర్ల క్యాను టాయిలెట్ టెంటు బయటే పెట్టండి, పక్కనే సబ్బు. శానిటైజర్ ఉందిగా అనుకోవద్దు. వాంతులు, విరేచనాలు తెచ్చే కొన్ని వైరస్‌ల మీద అది సరిగా పనిచేయదు. సబ్బుతో రుద్ది కడిగితే అవి చేతుల మీంచి కొట్టుకుపోతాయి.

ప్రశ్న: విశాఖ నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి పైకి చేరాక టాయిలెట్ పలక లాగగానే లోపలిది పైకి చిమ్మింది. సామాను లోపమా? తిరిగి కిందికి వచ్చాక పలక కదలనే లేదు.
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: లోపం కాదు, గాలి ఒత్తిడి. సముద్రమట్టం దగ్గర మూత బిగించిన ట్యాంకులో అక్కడి గాలే బందీ అయి ఉంటుంది. అరకు ఎత్తు 900 మీటర్ల పైచిలుకు, అక్కడ బయటి గాలి ఒత్తిడి దాదాపు పది శాతం తక్కువ. పైగా డిక్కీ వేడికి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. ఇరవై డిగ్రీలు వేడెక్కితే ఇంకో ఏడు శాతం. అప్పటికే వాడిన ట్యాంకైతే కుళ్లడం వల్ల పుట్టిన వాయువు కూడా కలుస్తుంది. ఇవన్నీ కలిసి పలక తెరవగానే ఒక్కసారి పైకి వస్తాయి. దిగేటప్పుడు ఇది తిరగబడుతుంది. బయటి ఒత్తిడి పెరిగి పలకని లోపలికి అదుముతుంది. అప్పుడు బలంగా గుంజితే పిడి విరుగుతుంది, ఆ భాగం విడిగా దొరకడం కష్టం.

ఎత్తు మారిన ప్రతిసారీ, ఎవరూ కూర్చోకముందే ఇలా చేయండి. సీటు మూత వేసి ఉంచి, దాని మీద ఒక చేయి నొక్కిపెట్టి, పలకని వేలి మందాన మాత్రమే మెల్లగా లాగండి. బుస్సుమని గాలి పోయేదాకా ఆగి మూసేయండి. కిందికి వచ్చాక పలక బిగుసుకుంటే, ట్యాంకు నిటారుగా ఉండగా పారబోసే గొట్టం మూతని కొద్దిగా వదులు చేయండి. గాలి లోపలికి పోగానే పలక కదులుతుంది. ఇదంతా ఆరుబయటే, కారులో కాదు.

మందు విషయం కూడా దీనికి ముడిపడి ఉంది. మామూలు నీలం ద్రావకమైతే 20 లీటర్ల ట్యాంకుకి 150 మి.లీ., గాఢమైన రకమైతే 60 మి.లీ. వాడతారు. మీ సీసా మీద రాసిన కొలతే అంతిమం. దాన్ని పారబోసే గొట్టంలోంచి పోసి, అడుగు మునిగేలా రెండు లీటర్ల నీళ్లు కలిపి, ట్యాంకుని అటూ ఇటూ ఊపండి. బేసిన్ మీంచి పోస్తే చిక్కటి మందు పలక చుట్టూ ఉన్న రబ్బరు మీద నిలిచి దాన్ని గట్టిపరుస్తుంది. నాలుగైదు రోజులు పనిచేస్తుందని రాసి ఉన్నా, మన ఎండల్లో మూడో రోజు దాటనివ్వకండి. వేడి పెరిగేకొద్దీ కుళ్లడం వేగం అందుకుంటుంది. ట్యాంకుని నీడలో పెట్టడం సగం మందుతో సమానం.

ప్రశ్న: ద్రావకం బదులు ఫినైల్ పోయవచ్చా? బ్లీచింగ్ పౌడర్, సున్నం, బూడిద – వీటిలో ఏది మంచిది?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: బ్లీచింగ్ పౌడర్ వద్దే వద్దు. మూత్రంలో పుట్టే అమ్మోనియాతో క్లోరిన్ కలిస్తే క్లోరమైన్ వాయువులు వస్తాయి. కళ్లు మండుతాయి, ఊపిరి పట్టేస్తుంది. రెండు మీటర్లు కూడా లేని టెంటులో అది ప్రాణం మీదికి రావచ్చు. టాయిలెట్లు కడిగే యాసిడ్‌తో కలిస్తే నేరుగా క్లోరిన్ వాయువే పుడుతుంది, అది ఇంకా ప్రమాదం. ఆ యాసిడ్ విడిగా వాడినా రబ్బరుని తినేస్తుంది.

ఫినైల్ వాసనని వాసనతో కప్పుతుందే తప్ప మలాన్ని కరిగించదు. పైగా అందులోని నూనెలు రబ్బరు సీలుని ఉబ్బిస్తాయి. ఫ్లష్ రకానికి దాని కోసం తయారైన ద్రావకమే వాడండి. సెప్టిక్ ట్యాంకులో ఖాళీ చేసేవాళ్లు ఫార్మాల్డిహైడ్ లేనిదే తీసుకోవాలి. ఉన్నది పోస్తే సెప్టిక్ ట్యాంకులో పనిచేసే సూక్ష్మజీవులు చస్తాయి.

బకెట్ రకానికి మా ఓటు కొబ్బరి పొట్టుకే. కోనసీమ నుంచి ఇటుకల్లా అచ్చుపోసి వస్తుంది, నర్సరీల్లో కోకోపీట్ అంటే ఇస్తారు. ఇటుకని నీళ్లలో నానబెట్టి వాడితే ప్రయోజనం లేదు. కొద్దిగా తడిపి చిదిపి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి సంచిలో తీసుకెళ్లండి. మలవిసర్జన అయిన ప్రతిసారీ రెండు గ్లాసులు, అంటే అర లీటరు. నలుగురికి రెండు రోజులకి నాలుగైదు లీటర్ల పొట్టు సరిపోతుంది. అడుగున ముందే రెండు అంగుళాల మందాన పరవడానికి ఇంకో రెండు లీటర్లు. కోత మిల్లు రంపపు పొట్టు కూడా బాగా పనిచేస్తుంది, కాకపోతే పొడిది, కలపది కావాలి. ప్లైవుడ్, ఎండీఎఫ్ కోసిన పొడి అయితే అందులో జిగురు ఉంటుంది. ధాన్యం ఊక నీళ్లు పీల్చదు, దాని పైపొర నునుపు. బూడిద మలం మీద చల్లితే ఈగలు వాలవు గానీ మూత్రం కలిసిన చోట వేస్తే ఘాటు ఇంకా ఎక్కువవుతుంది. బూడిదా సున్నమూ క్షారాలు, అవి మూత్రంలోని అమ్మోనియాని గాలిలోకి తోసేస్తాయి.

గడ్డకట్టించే పొడి గురించి కూడా కొందరు అడిగారు. పిల్లల డైపర్లలో ఉండేది అదే, సోడియం పాలీయాక్రిలేట్. మామూలు నీళ్లని తన బరువుకి వందల రెట్లు పీల్చే ఈ పొడి, ఉప్పు ఉన్న మూత్రాన్ని ముప్పై నుంచి యాభై రెట్లే పీలుస్తుంది. అర లీటరు మూత్రానికి 15 నుంచి 20 గ్రాములు వేయాలి. చిటికెడు వేసి పనిచేయలేదనే ఫిర్యాదులకి కారణం ఇదే. గడ్డకట్టినదాన్ని ఏ టాయిలెట్‌లోనూ పోయకూడదు, పైపులో మళ్లీ ఉబ్బుతుంది.

ప్రశ్న: ఇంత తతంగం ఎందుకు? గోదావరి ఇసుక తిన్నెల మీదో సముద్రం ఒడ్డునో గొయ్యి తీసి పూడ్చితే సరిపోదా?
– పాఠకుడు, పోలవరం

జవాబు: ఇసుకలో వద్దండీ. మలాన్ని కుళ్లబెట్టి మట్టి చేసేది మట్టిలోని సూక్ష్మజీవులు. అవి ఆకులూ అలములూ కలిసిన నల్లమట్టిలో దండిగా, ఒట్టి ఇసుకలో అతి తక్కువగా ఉంటాయి. ఇసుకలో పూడ్చింది చాలాకాలం అలాగే ఉండి, గాలికి పైకి తేలుతుంది, వరద వస్తే నదిలో కలుస్తుంది. మరునాడు అదే ఇసుకలో ఇంకొకరి పిల్లలు ఆడుకుంటారు, అదే రేవులో ఊరివాళ్లు నీళ్లు ముంచుకుంటారు.

అడవి మట్టిలో, కొద్దిమందికి ఒకటి రెండు పూటలకైతే గొయ్యి పద్ధతి సరైనదే. 15 నుంచి 20 సెం.మీ. లోతు, ఒక జానెడు వెడల్పు. అంతకంటే లోతుకి పోతే సూక్ష్మజీవులు తగ్గిపోతాయి, పైపైన తీస్తే పందులూ కుక్కలూ తవ్వుతాయి. నీళ్లకీ దారికీ టెంట్లకీ 60 మీటర్ల దూరం, అంటే పెద్దవాళ్ల నడకలో డెబ్భై అంగలు. కడుగునీళ్లు అదే గోతిలో పడనిచ్చి, తీసిన మట్టితోనే కప్పి తొక్కండి. పదిమంది మూడు రోజులు ఒకే చోట ఉంటే మాత్రం ఎటు చూసినా గోతులే అవుతాయి, అప్పుడు వెంట తీసుకెళ్లిందే వాడాలి.

హిమాలయాల ట్రెక్కింగ్‌కి వెళ్లే మనవాళ్లకి ఒక మాట. మంచు దగ్గర, రాతి నేలల్లో గొయ్యి పనికిరాదు, ఆ చలిలో ఏదీ కుళ్లదు. నేపాల్‌లో ఎవరెస్టు ఎక్కేవాళ్లు మలాన్ని సంచుల్లో కిందికి తేవాలని అక్కడి ఖుంబు పసంగ్ ల్హాము గ్రామీణ పురపాలక సంఘం 2024లో నిబంధన పెట్టింది.

ప్రశ్న: మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఈ బకెట్లూ స్టూళ్లూ ఆవిడకి కష్టమే. ఏదైనా మార్గం ఉందా?
– పాఠకురాలు, కరీంనగర్

జవాబు: క్యాంపింగ్ సామాన్ల దుకాణం వదిలేసి సర్జికల్ షాపుకి వెళ్లండి. మడిచే కమోడ్ చెయిర్ అడగండి. పట్టుకుని లేవడానికి రెండు వైపులా చేతులు, ఎత్తు మార్చుకునే కాళ్లు, కింద జారే డబ్బా ఉంటాయి. కూర్చున్నప్పుడు తొడలు నేలకి సమంగా, పాదాలు పూర్తిగా ఆనేలా ఎత్తు పెట్టండి. బరువు పరిమితి లేబుల్ మీద చూసుకోండి. మెత్తటి నేలలో కాళ్లు దిగబడి కుర్చీ ఒరిగిపోతుంది కాబట్టి ఒక్కో కాలు కింద నాలుగు అంగుళాల చెక్కముక్క పెట్టండి, లేదా నాలుగింటికీ కలిపి ఒక ప్లైవుడ్ పలక వేయండి. డబ్బాలో కవరు, పొట్టు బకెట్ రకంలో చెప్పినట్టే.

ప్రశ్న: బయటికి వెళ్తే నేనూ మా అక్కా సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తాం. రాత్రి టెంటు దాటి వెళ్లాలంటే భయం. నెలసరి రోజులైతే అసలు రాలేం.
– పాఠకురాలు, అనంతపురం

జవాబు: నీళ్లు మానకండి. మూత్రం బిగబట్టి, నీళ్లు తగ్గిస్తే రెండు రోజుల్లోనే మంట, ఇన్ఫెక్షన్ రావచ్చు. ఆడవాళ్లకి ఆ ప్రమాదం మరీ ఎక్కువ. ఇంట్లో ఎవరైనా ఈ సామానుకి డబ్బు దండగ అంటే ఈ జవాబు చూపించండి. మగవాళ్లు చెట్టు చాటుకి వెళ్లగలరు కాబట్టి ఈ అవసరం వాళ్ల లెక్కలోకి రాదు.

నాలుగడుగుల చదరం, ఆరడుగుల పైన ఎత్తు ఉన్న బట్టలు మార్చుకునే టెంటు కొనండి. అది విసురుగా తెరుచుకుంటుంది, అంతే తేలిగ్గా గాలికి ఎగిరిపోతుంది. నాలుగు మూలలా మేకులు కొట్టి, పైనుంచి రెండు తాళ్లు లాగి కట్టాలి. నిద్రపోయే టెంటుకి పది పదిహేను మీటర్ల దూరం చాలు, గాలి మీ వైపు నుంచి దాని వైపు వీచేలా ఉండాలి. వెళ్లే దారిలో రాళ్లూ టెంటు తాళ్లూ లేకుండా పగలే చూసుకోండి. లైటు గోడకి తగిలిస్తే మనిషి నీడ గుడ్డ మీద స్పష్టంగా పడుతుంది. పైకప్పు మధ్యలో, సన్నటి వెలుతురు ఉన్నది వేలాడదీయండి. అప్పుడు నీడ కాళ్ల దగ్గరే పడుతుంది.

ప్యాడ్లు ట్యాంకులో వేయకూడదు. అక్కడే ఒక మూత డబ్బా, కాగితపు సంచులు ఉంచితే ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. మెన్‌స్ట్రువల్ కప్పు వాడేవాళ్లు నేరుగా టాయిలెట్‌లో ఒంపి, పిండే సీసాతో తాగునీళ్లు పోసి కడుక్కోవచ్చు.

ప్రశ్న: ఇంటికొచ్చాక ఖాళీ చేయడమే పెద్ద పరీక్ష. చిమ్మకుండా ఎలా? దాచేటప్పుడు ఏం చూసుకోవాలి?
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రెండు ట్యాంకుల్నీ విడదీసేముందు పలక మూసి ఉందో లేదో రెండుసార్లు చూడండి. నిండిన 21 లీటర్ల ట్యాంకు 20 కిలోలు దాటుతుంది, మెట్లు ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి. టాయిలెట్ పక్కన దించి, పారబోసే గొట్టాన్ని బయటికి తిప్పి, మూత తీసి, గాలి బొత్తాం పైకి ఉండేలా పట్టుకోండి. ట్యాంకు వంచడం మొదలుపెట్టాకే ఆ బొత్తాం నొక్కాలి. నొక్కకపోతే గాలి అదే గొట్టంలోంచి గుటకలు గుటకలుగా లోపలికి వెళ్తూ మురుగుని చిమ్ముతుంది. చిమ్మడం గురించి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఈ బొత్తాం మరచిపోయినవే. సగం పోశాక ఆగి ఫ్లష్ చేసి, మిగతాది పోయండి. తర్వాత రెండు లీటర్ల నీళ్లు పోసి ఊపి పారబోయడం మూడుసార్లు. చేతికి గ్లవ్స్ ఉండాలి.

రోడ్డు పక్క వాన కాలువలో పోయకండి, అది శుద్ధి లేకుండా చెరువులోకి వెళ్తుంది. పొట్టు బకెట్‌లోది టాయిలెట్‌లో పోయకూడదు, గొట్టం పూడుతుంది. సొంత పెరడు ఉంటే బావికి దూరంగా రెండడుగుల గోతిలో కవరు లేకుండా ఒంపి మట్టి కప్పండి. ఏడాది దాకా ఆ చోట కూరగాయలు వేయకండి.

ఎండలో కాకుండా నీడలో పూర్తిగా ఆరనిచ్చి, పలక సగం తెరిచి దాచండి. మూసి దాచితే రబ్బరు అణిగిపోయి, తర్వాతిసారి కారుతుంది.

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఉంటున్నాం. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో యోసెమిటీ నేషనల్ పార్కుకి వెళ్తున్నాం, వ్యాన్‌లో పోర్టబుల్ టాయిలెట్ ఉంది. ఎక్కడ ఖాళీ చేయాలి?
– పాఠకుడు, ఫ్రీమాంట్

జవాబు: ఇల్లులాంటి ఆర్వీ బళ్లు మురుగు పారబోయడానికి ఉండే డంప్ స్టేషన్‌లో. యోసెమిటీ లోయలో అప్పర్ పైన్స్ క్యాంపు దగ్గర ఒకటి ఉంది. అక్కడ మురుగు గొట్టం పక్కన ఉన్న కుళాయి కడగడానికే, ఆ నీళ్లు పై ట్యాంకులోకి గానీ తాగడానికి గానీ పట్టకండి. క్యాంపుల్లో ఉండే గొయ్యి టాయిలెట్లలో కవర్లు వేయడం నిషేధం. వాటిని లారీ గొట్టంతో పీల్చి ఖాళీ చేస్తారు, ఒక్క కవరు అడ్డుపడినా పని ఆగిపోతుంది. గడ్డకట్టించే పొడి ఉన్న మలసంచులు, అంటే వ్యాగ్ బ్యాగులు, అక్కడ మామూలు చెత్తలో వేయవచ్చు. విట్నీ పర్వతం దారిలో అయితే మలాన్ని అలాంటి సంచిలోనే కిందికి మోసుకురావాలని నిబంధన ఉంది. అమ్మానాన్నలకి పిండే సీసాలు చెరొకటి ఇవ్వండి. అక్కడి పబ్లిక్ టాయిలెట్లలో కూడా అవి వాళ్లకి పనికొస్తాయి.

ప్రశ్న: పాత ఫ్లష్ టాయిలెట్ బేసిన్‌లో నీళ్లు నిలవడం లేదు, మెల్లగా కిందికి జారిపోతున్నాయి. కొత్తది కొనాలా?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: కొననక్కర్లేదు, ముందు పలక చూడండి. పై ట్యాంకు తీసేసి, పలకని తెరిచి, దాని అంచునీ రబ్బరు సీలు గాడినీ పాత టూత్‌బ్రష్‌తో, గోరువెచ్చని సబ్బునీళ్లతో తోమండి. ఎండిన కాగితపు ముక్కో ఉప్పు పొరో అక్కడ ఇరుక్కుని ఉంటుంది. మూత్రం వల్ల గట్టిపడిన తెల్లటి పొరని వెనిగర్‌లో తడిపిన గుడ్డతో మెత్తబరిచి తుడిచి, వెంటనే నీళ్లతో కడిగేయండి. ఆరాక సిలికాన్ స్ప్రే పలుచగా పూయండి. కొబ్బరినూనె, వాజెలిన్ వద్దు, వాటికి రబ్బరు ఉబ్బిపోతుంది. తర్వాత బేసిన్‌లో అర లీటరు నీళ్లు పోసి పావుగంట ఆగండి. ఇంకా దిగుతుంటే సీలు చిట్లినట్టే. మోడల్ నంబరు ట్యాంకు మీద ఉంటుంది, దాన్ని చెప్పి సీలు ఒక్కటే తెప్పించుకోండి. బిగించేటప్పుడు పెదవిలా ఉండే అంచు ఎటు తిరిగి ఉందో పాతది తీసేముందే ఫోటో తీసుకోండి. తిరగేసి పెడితే కొత్త సీలు కూడా కారుతుంది.